పిల్లి లావెక్కుతోందా? ముందు తూచండి, తర్వాత వెనక గోడ వైపు చూడండి

సమస్య: మేత తగ్గించినా పిల్లి బరువు తగ్గదు. పక్కలు నిమిరితే ఎముకలు చేతికి తగలవు, పైనుంచి చూస్తే నడుమే కనిపించదు.

ఎంత పెడుతున్నారంటే అందరూ ‘రోజుకు రెండు గ్లాసులు’ అంటారు. టీ గ్లాసా, మంచినీళ్ల గ్లాసా? వంటింటి త్రాసులో తూచమని చెప్పి చెప్పి విసిగిపోయాను. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 200–250 కేలరీలు చాలు. డ్రై ఫుడ్‌లో అయితే దాదాపు 60 గ్రాములు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన పిల్లికి అంతకన్నా తక్కువ. మీ ప్యాకెట్ మీది కేలరీలతో లెక్క సరిచూసుకోండి.

తూచి పెట్టినా తగ్గడం లేదా? అయితే మీ పిల్లికి రెండో ఇల్లు ఉండవచ్చు. నేను దెబ్బ తిన్నది ఇక్కడే. మిర్యాలగూడలో మా చిన్నికి 60 నుంచి 45 గ్రాములకు దించాను. రెండు నెలల్లో అది ఇంకో అర కిలో పెరిగింది. రక్త పరీక్ష కూడా చేయించాను, అన్నీ బాగానే ఉన్నాయి. ఒక సాయంత్రం ఒళ్లో పడుకుంటే మీసాల దగ్గర చేపల పులుసు వాసన! ఆ రోజు మా ఇంట్లో వండింది బెండకాయ. వెనక ఇంటి పెద్దమ్మను అడిగితే, “ఎవరూ లేని పిల్లి అనుకున్నాను బిడ్డా” అన్నారు. అక్కడ దాని పేరు లక్ష్మి.

మీకూ అనుమానం ఉంటే ‘నాకు ఎవరు పెడుతున్నారు?’ అని ఫోను నంబరుతో రాసిన కాగితం పట్టీని మెడ చుట్టూ వదులుగా చుట్టి, కొనలు అంటించండి. లాగితే చిరిగిపోవాలి. దారం మాత్రం కట్టవద్దు, గోడలెక్కేటప్పుడు ఉరి పడుతుంది. ఇల్లు తెలిశాక పెట్టవద్దని బతిమాలకండి, ఎవరూ మానరు. రోజు కోటాలోంచే పది గ్రాములు డబ్బాలో వేసి వాళ్లకే ఇవ్వండి. ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసు దాని రక్తానికి చేటని మాత్రం గట్టిగా చెప్పండి.

రెండో ఇల్లు మీ ఇంట్లోనే ఉండవచ్చు: నానమ్మ పెట్టే పాలు, పిల్లలు వేసే బిస్కెట్లు. పొద్దున్నే రోజు మేతంతా ఒకే డబ్బాలో పోయండి, ఎవరు పెట్టినా అందులోంచే.

తొందరపడి పస్తు పెట్టవద్దు. లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది. మెల్లగా తగ్గిస్తూ, వారానికోసారి పిల్లిని ఎత్తుకుని తూకం చూసి మీ బరువు తీసేయండి.

బాగా తింటూ చిక్కిపోతుంటే అది వేరే కథ: నులిపురుగులు, థైరాయిడ్, చక్కెర వ్యాధి. పశువైద్యుడికి చూపించండి.