ఇంటి నుంచి డిజైన్ పని చేస్తున్నారా? లయబిలిటీ ఇన్సూరెన్స్ కావాలో వద్దో ఇలా తేల్చుకోండి

మీ పనిలో తప్పు వల్ల ఎదుటివారికి నష్టం జరిగితే, ఆ పరిహారాన్ని మీ తరఫున కట్టే బీమానే లయబిలిటీ ఇన్సూరెన్స్. అది మీకు కావాలో తేల్చుకోవడానికి గత ఏడాది చేసిన పనుల జాబితా ముందేసుకోండి. ఒక్కో పని పక్కన, అందులో తప్పు దొర్లితే క్లయింట్‌కి ఎంత నష్టమో రాయండి. మీ ఫీజుతో ఆ అంకెకు సంబంధం ఉండదు. పచ్చళ్ల పౌచ్ డిజైన్‌కి 4,000 రూపాయలు తీసుకున్నారనుకుందాం. పౌచ్ మీద వేసే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబరులో ఒక అంకె తప్పు పడింది. ఆరు రూపాయల పౌచ్‌లు 20,000 అచ్చయితే 1,20,000 నష్టం. పెళ్లిపత్రికలు, సోషల్ మీడియా పోస్టుల్లో నష్టం మామూలుగా చిన్నదే. ప్రింట్‌కి ముందు ఫైనల్ ప్రూఫ్‌కి క్లయింట్ నుంచి రాతలో ఓకే తీసుకుంటే వాటికి చాలావరకు సరిపోతుంది.

జాబితాలోని పెద్ద అంకెను అప్పు చేయకుండా కట్టగలరా? కట్టగలిగితే, ఏ క్లయింటూ పాలసీ అడగకపోతే, ఇప్పటికి ఆగవచ్చు. కట్టలేకపోతే పాలసీ తీసుకోండి. ప్రొప్రైటర్‌షిప్‌లో, అంటే ఒక్కరే సొంతంగా నడిపే వ్యాపారంలో, వ్యాపారం అప్పు మీ సొంత అప్పే. ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) పెట్టినా మీరు స్వయంగా చేసిన తప్పుకు బాధ్యత తప్పదు.

క్లయింట్‌తో అగ్రిమెంట్‌లో ‘ఇండెమ్నిటీ’ అనే మాట వెతకండి. క్లయింట్‌కి వచ్చే నష్టాన్ని మీరు భర్తీ చేస్తానన్న హామీ అది. పరిమితి రాయకపోతే, ఆ పని ఫీజుకు మించకుండా రాయించమని అడగండి. ఒప్పుకోకపోతే ప్రీమియం ఖర్చును కొటేషన్‌లో కలపండి.

డిజైన్ తప్పులకు ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ చూడాలి. ఇంటీరియర్ పనిలో డ్రిల్లు పైపుకు తగిలి కింది ఫ్లాట్ సీలింగ్ తడిస్తే, అది కమర్షియల్ జనరల్ లయబిలిటీ కిందికి వస్తుంది. 1991 పబ్లిక్ లయబిలిటీ చట్టం కింద తీసుకునే పాలసీ ప్రమాదకర పదార్థాలు వాడే సంస్థల కోసం. పేరు చూసి పొరబడకండి.

ఎక్కువమంది దెబ్బతినేది ‘క్లెయిమ్స్ మేడ్’ షరతు దగ్గర. ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ సాధారణంగా ఈ పద్ధతిలోనే ఉంటుంది. తప్పు జరిగిన రోజు పాలసీ ఉంటే చాలదు, క్లయింట్ నుంచి క్లెయిమ్ వచ్చిన రోజూ ఉండాలి. పైగా ఆ పని ‘రెట్రోయాక్టివ్ డేట్’ (ఏ తేదీ నుంచి చేసిన పనులకు కవర్ ఉంటుందో పాలసీలో రాసే తేదీ) తర్వాత చేసినదై ఉండాలి. 2024లో చేసిన పనిపై 2026లో నోటీసు వస్తే, 2025లో రెన్యువల్ ఆపినవారికి ఏమీ రాదు. ఒప్పంద ఉల్లంఘనపై దావాకు మామూలు గడువు మూడేళ్లు కాబట్టి, పని మానేశాక కూడా అంతకాలం కవర్ ఉండేలా అడగండి.

అమెరికాలోని మనవాళ్ల కంపెనీలకు పని చేస్తుంటే అక్కడి కోర్టు కేసులకు పాలసీ వర్తిస్తుందా అని బీమా కంపెనీ నుంచి రాతలో తెప్పించుకోండి. ఇండియాకే పరిమితమైన పాలసీ వాటికి పనికిరాదు. లైసెన్స్ లేని ఫాంటు, ఫొటో వాడకంపై కాపీరైట్ కేసు వస్తే ఏమిటి, లాయర్ ఫీజు పాలసీ మొత్తంలోంచే పోతుందా, మీరు ముందుగా భరించాల్సిన మొత్తం ఎంత, ఇవీ అడగాలి.

పాలసీ ఉండగా నోటీసు వస్తే ఆ రోజే బీమా కంపెనీకి తెలపండి. ఈలోగా క్లయింట్‌కి “తప్పు మాదే, డబ్బు కడతాం” అని మెసేజ్ పెట్టకండి. కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకున్నారన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించవచ్చు.