పరుగు టాప్ మీ మిషను మీదే – 3వ పాఠం: కత్తిరింపు, భుజాలు, మెడపట్టీ

రెండో పాఠంలో కాగితం నమూనా అతికించి మీ సైజు గీత వెంట కత్తిరించారు. ఇప్పుడు గుడ్డ మీద కత్తెర పెడదాం. ఈ పాఠంలో దెబ్బతినేది ఎక్కువగా మెడ దగ్గరే, కాబట్టి అక్కడ నింపాదిగా ఆగుదాం.

ముందు గుడ్డ సంగతి. పొందూరు ఖద్దరుతో చేయకూడదా అని మన వైపు ఎవరికైనా తోస్తుంది. చొక్కాకు దానికి సాటి లేదు. పరుగుకు మాత్రం పనికిరాదు: సాగదు, పైగా చెమటను పీల్చి తనలోనే ఉంచుకుంటుంది. తీరం గాలిలోని తేమకు ఆరదు కూడా. పోలీసు ఎంపికల 1600 మీటర్ల కోసం తెల్లారగట్ల పరుగెత్తే కుర్రాళ్లు వేసుకునే పాలిస్టర్ అల్లిక గుడ్డే కావాలి. అడ్డంగా 4 అంగుళాలు పట్టుకుని లాగండి. 5¼ దాకా సాగి, వదలగానే మళ్లీ 4కి రావాలి. రాకపోతే నాలుగు ఉతుకులకు మోకాళ్ల దాకా జారుతుంది. పొట్టి చేతుల టాప్‌కు 60 అంగుళాల పన్నాలో 1¼ మీటరు చాలు.

గుడ్డను ఒకసారి ఉతికి, నీడన ఆరబెట్టి, రాత్రంతా బల్ల మీద పరిచి వదిలేయండి. తానుకు చుట్టినప్పుడు సాగిన గుడ్డ అప్పటికి సర్దుకుంటుంది. అంచు బల్ల మీంచి కిందికి వేలాడితే ఆ బరువుకే మళ్లీ సాగుతుంది. ఎక్కువ సాగే దిక్కు ఒంటి చుట్టూ రావాలి, అంటే నమూనా మీది బాణం గుర్తు గుడ్డ మీది సన్నని నిలువు గీతల వెంట ఉండాలి. గుండుసూదులు కుట్టుకు వదిలిన ⅜ అంగుళం లోపలే గుచ్చండి. కాగితం కదలకుండా గిన్నెలు బరువు పెట్టుకున్నా బాగుంటుంది.

మిషనుకు 11వ నంబరు బాల్‌పాయింట్ సూది (మొన గుండ్రంగా ఉండేది), పాలిస్టర్ దారం. మామూలు వాడి సూది అల్లిక పోగును తెంపుతుంది. అప్పటికి కనిపించదు, రెండు ఉతుకులయ్యాక కుట్టు వెంట చిల్లులు పడతాయి. కుట్లు తప్పిపోతుంటే టెన్షన్ (దారం బిగువు) తిప్పడం తర్వాత, ముందు సూది మార్చండి. జిగ్‌జాగ్ (వంకరటింకర కుట్టు) ఉన్న మిషనైతే కుట్టు వెడల్పు 1, పొడవు 2.5 మి.మీ. తొక్కుడు మిషన్లో తిన్నని కుట్టే ఉంటుంది. అప్పుడు అంగుళానికి 12 కుట్లు పెట్టి, గుడ్డను ముందూ వెనకా సమానంగా, కొద్దిగా బిగపట్టి కుట్టండి. పక్కనే ⅛ అంగుళం దూరంలో రెండో వరస వేయండి. అంచులు పీకో కొట్టులో వేయించుకోవచ్చు. చీరలకు పీకో వేసేవాళ్లు లేని పేట మనకు ఉందా?

మొదట భుజాలు. భుజం సాగకూడదు. పాత పంచె అంచు నుంచి ¼ అంగుళం పట్టీ కత్తిరించి కుట్టు గీత మీద పెట్టి కలిపి కుట్టండి. అది ఇప్పటికే ఎన్నో ఉతుకులు చూసింది, ఇక కుంచించుకోదు. మొదట్లో గుడ్డ మిషను పలకలో సూది దిగే రంధ్రంలోకి పోతుంటే కింద పల్చటి తెల్ల కాగితం పెట్టి, కుట్టాక చింపేయండి. వార్తాపత్రిక వద్దు, సిరా అంటుతుంది.

ఇక మెడపట్టీ. కొలత తీయాల్సింది కత్తిరించిన అంచున కాదు, ⅜ అంగుళం లోపల కుట్టు పడే గీత మీద. మెడ గుండ్రం కాబట్టి ఆ గీత అంచు కన్నా రెండంగుళాల పైనే పొడవు. అంచు కొలతకు పట్టీ కోస్తే మెడ చుట్టూ ముడతలే. గీత 22 అంగుళాలనుకుందాం. అందులో నూటికి 85 వంతులు, అంటే 18¾ దగ్గర. రెండు చివర్ల కుట్టుకు ¾ కలిపితే 19½. వెడల్పు 2. పట్టీ పొడవు కూడా ఎక్కువ సాగే దిక్కునే రావాలి, లేకుంటే తల పట్టదు.

చివరలు కలిపి వలయం చేసి, మంచివైపు పైకి వచ్చేలా నిలువునా మడవండి. పట్టీని నాలుగు సమభాగాలు చేసి గుర్తు పెట్టండి. మెడనూ అలాగే. ఇక్కడే చాలామంది పొరబడతారు: భుజం కుట్లు నాలుగో వంతు గుర్తులు కావు. ముందు మెడ లోతు ఎక్కువ కాబట్టి ఆ గుర్తులు భుజాల నుంచి కాస్త ముందుకు జరుగుతాయి. పట్టీ అతుకు వెనక నడిమికి రానివ్వండి. పట్టీ పైన, టాప్ కింద ఉంచి, ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తు దాకా పట్టీనే లాగుతూ కుట్టాలి. మెడ గుడ్డను లాగితే పట్టీ అలలు అలలుగా నిలబడుతుంది. అలా వస్తే విప్పేయండి, ఇస్త్రీతో సర్దుకునే తప్పు కాదది.

కుట్టు అంచును టాప్ వైపు మడిచి, పల్చటి నూలుగుడ్డ కప్పి, సిల్క్ గుర్తు దగ్గర ఇస్త్రీని అద్ది తీయండి, రుద్దొద్దు. వేడి మించితే పాలిస్టర్ మెరుపు తేలుతుంది, అది పోదు. ఇప్పుడు టాప్‌ను తల మీంచి వేసి చూడండి. దారం టప్‌మని తెగితే కుట్టు బిగుతు ఎక్కువైంది. విప్పి, టెన్షన్ ఒక మెట్టు తగ్గించి మళ్లీ వేయండి.

పక్కలు ఇప్పుడే కలపొద్దు. టాప్ బల్ల మీద పరుచుకుని ఉండగానే చేతులు అతికించడం 4వ పాఠంలో.