చిన్న పోర్టులోకి బోటు తెస్తున్నారా? ముందు ఇవి అడగండి

చిన్న పోర్టులో కావాల్సినవన్నీ ఉంటాయి, కాకపోతే చాలావరకు ఒక్కొక్కటే ఉంటుంది. ఒక క్రేన్, ఒక ఐసు ఫ్యాక్టరీ, డీజిల్ పోసే చోటు ఒకటి, ఆఫీసులో ఫోనెత్తే మనిషి ఒకరు. చేపల బోట్లూ సరుకు ఓడలూ అన్నీ వాటి మీదే పడతాయి కాబట్టి, వెళ్లాక చూసుకుందాంలే అనుకుంటే జెట్టీ దగ్గర పడిగాపులే.

అన్నిటికంటే ముందు లోతు. చార్టులో, అంటే సముద్రపు మ్యాపులో, వేసే అంకె నీళ్లు బాగా తగ్గినప్పటిది, దానికి మీరు వెళ్లే వేళకి ఉండే పోటు ఎత్తు కలుపుకోవాలి. చార్టులో 2.5 మీటర్లు, పోటు 1.2 అయితే మొత్తం 3.7. మీ డ్రాఫ్ట్, అంటే బోటు నీళ్లలో మునిగే లోతు, 3 మీటర్లయితే అడుగున మిగిలేది 70 సెంటీమీటర్లు, అల ఉందంటే ఆ కాస్తా నమ్మలేం. ఏటి మొగలో ఉన్న పోర్టయితే ఇసుక మేటలు చోటు మారుతుంటాయి, పైగా ఏటి నీళ్లలో ఓడ ఉప్పునీళ్లలో కంటే కొంచెం ఎక్కువ దిగుతుంది. అందుకే లోతు ఎంత అని కాదు, చివరిసారి ఎప్పుడు కొలిచారని అడగండి.

వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్ మీద పోర్టుని పిలవండి గానీ కబుర్లన్నీ అక్కడే పెట్టకండి, అది ఆపదలో ఉన్నవాళ్ల ఛానెల్. పోర్టువాళ్లు చెప్పిన ఛానెల్‌కి మారి బోటు పొడవు, డ్రాఫ్ట్, ఏం తెచ్చారు, ఏమేం కావాలి, అన్నీ ఒక్కసారే చెప్పేయండి. జెట్టీకి కట్టేటప్పుడు పోటు మీద ఉంటే మోకులు బిర్రుగా బిగించి నిద్రపోవద్దు. నీళ్లు తగ్గేకొద్దీ బోటు మోకులకి వేలాడుతుంది, ఆ బరువుకి మోకైనా తెగుతుంది, లేకపోతే దాన్ని చుట్టిన గుంజైనా ఊడొస్తుంది. పొడుగు మోకులు వేసి, రాత్రికి ఒక కళాసిని కాపలా పెట్టండి.

చేపల బోటుకైతే పనుల వరస ముఖ్యం. చేప దించి వేలానికి పంపాక ఐసు గది కడిగి, డీజిల్, మంచినీళ్లు పట్టి, ఐసు మాత్రం బయల్దేరే ముందు ఎక్కించండి. ముందే ఎక్కిస్తే జెట్టీ దగ్గరే సగం నీరైపోతుంది. ఎండ దేశాల్లో కిలో చేపకి కిలో ఐసు అని లెక్క, దూరం వెళ్తే ఇంకా ఎక్కువే. దిమ్మల్ని మెత్తగా కొట్టించుకోండి, పెద్ద ముక్కల అంచులు చేపని నొక్కి గాట్లు పెడతాయి. కరిగిన నీళ్లు బయటికి పోయే దారి లేకపోతే కింది వరస చేప ఆ నీళ్లలోనే నాని పాడవుతుంది. మంచినీళ్ల పైపులోంచి కాసేపు నీళ్లు బయటికి వదిలేసి ఆ తర్వాతే ట్యాంకులో పెట్టండి. డీజిల్ పోసేటప్పుడు స్టవ్ ఆపేసి, మీటరు ముందూ వెనకా రాసుకోండి, తర్వాత గొడవ ఉండదు.

సరుకు దించేవాళ్లు క్రేన్ ఎన్ని టన్నులు ఎత్తుతుందని మాత్రమే అడిగి ఊరుకుంటారు. ఎంత దూరం చాపితే ఎన్ని టన్నులు అనేది అసలు ప్రశ్న, ఎందుకంటే చెయ్యి చాపేకొద్దీ ఎత్తే బరువు తగ్గిపోతుంది. దగ్గర్లో అయిదు టన్నులెత్తే క్రేన్ ఓడ అవతలి అంచున అందులో సగం కూడా ఎత్తకపోవచ్చు. గోడౌన్‌లో ఎన్నాళ్లు ఊరికే ఉంచనిస్తారో, ఎప్పట్నించి అద్దె పడుతుందో, తూకం ఎవరి ముందు వేస్తారో కాగితం మీద తీసుకోండి. సిమెంటూ ఎరువులూ ఉంటే టార్పాలిన్లు మీరే తెచ్చుకోవడం మేలు.

పాత ఇంజనాయిల్, చిరిగిన వలలు ఎక్కడ తీసుకుంటారో కూడా కనుక్కోండి. ఓడల వల్ల సముద్రం పాడవకుండా దేశాలు చేసుకున్న మార్పోల్ ఒప్పందం ప్రకారం ప్లాస్టిక్‌ని, నైలాన్ వలలతో సహా, ఏ సముద్రంలోనూ పారేయకూడదు.

బోటు అడుగు గీకించాలన్నా, బోటుని నడిపే పంకా మార్పించాలన్నా స్లిప్‌వే (బోటుని ఒడ్డు మీదికి లాగే వాలు) కోసం మాత్రం చాలా ముందే పేరు రాయించుకోండి. లోతు డ్రాఫ్ట్ ఉన్న బోట్లని పెద్ద పోటు రోజుల్లోనే పైకి లాగుతారు, అంటే అమావాస్య, పున్నమి దగ్గర్లో. ఆ రోజు తప్పితే ఇంకో రెండు వారాలు ఆగాల్సిందే.