లాప్‌టాప్ విప్పి బిగించాక ఆన్ అవ్వట్లేదా? మదర్‌బోర్డ్ పోయిందని అప్పుడే అనుకోకండి

ర్యామ్ మార్చడానికో, ఎస్ఎస్‌డీ (మీ ఫైళ్లన్నీ ఉండే డిస్క్) వేయడానికో, ఫ్యాన్‌లో దుమ్ము తీయడానికో లాప్‌టాప్ విప్పారు, అంతా బిగించేశారు, తీరా పవర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. గుండె గుభేల్మంటుంది, అందులోనూ బెంగళూరులో మారతహళ్లిలోనో బీటీఎంలోనో పీజీలో ఉంటూ ఈఎంఐ మీద కొనుక్కున్నదైతే, రేపు పొద్దున ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. కానీ విప్పేదాకా బాగా నడిచింది విప్పాక ఆగిపోయిందంటే చాలాసార్లు తప్పు మీ చెయ్యి పడిన చోటే ఉంటుంది. అందుకే ముందు మదర్‌బోర్డ్‌ని, అంటే లోపల అన్నీ తగిలించే పెద్ద బోర్డ్‌ని, అనుమానించకండి, మీరు ముట్టుకున్నవి ఏవేవో ఒక కాగితం మీద రాసుకుని వాటినే ఒక్కొక్కటిగా మళ్లీ చూడండి.

"ఆన్ అవ్వట్లేదు" అంటే సరిపోదు, ఎలా అవ్వట్లేదో చూడాలి. చార్జర్ పెడితే లైట్ వెలుగుతోందా? ఫ్యాన్ తిరుగుతోందా? క్యాప్స్ లాక్ లైట్ మారుతోందా? కంపెనీ లోగో దాకా వచ్చి ఆగుతోందా? ఒక్కోదానికి దారి వేరు.

అసలు ఏ లైటూ లేదు, ఫ్యానూ లేదు అనుకోండి. చార్జర్ పీకేసి పవర్ బటన్‌ని ఒక 30 సెకన్లు నొక్కి పట్టుకోండి, తర్వాత చార్జర్ పెట్టి ఆన్ చేయండి. చాలా లాప్‌టాప్‌లు లోపల బ్యాటరీ కనెక్టర్ ఒకసారి తీసి పెడితే, చార్జర్ తగిలేదాకా లేవవు, అలా డిజైన్ చేశారంతే. ఇది తెలియక బ్యాటరీ మీదే బటన్ నొక్కీ నొక్కీ చచ్చిపోయిందని కంగారు పడేవాళ్లు చాలామంది. టైప్-సీ చార్జర్ అయితే రెండో పోర్ట్‌లో కూడా పెట్టి చూడండి.

అప్పటికీ లేవకపోతే మూత తీయాల్సిందే. చార్జర్ పీకి, ముందు బ్యాటరీ కనెక్టర్ తీసేయండి, లోపల ఏది ముట్టుకున్నా దీని తర్వాతే. బ్యాటరీ ఉబ్బి కనిపించినా, ఎక్కడైనా స్క్రూడ్రైవర్ గీసుకున్నట్టున్నా ఇక అక్కడితో ఆపేయండి, ఆ బ్యాటరీ మళ్లీ పెట్టొద్దు. చలికాలం నుంచి మార్చి దాకా బెంగళూరు గాలి పొడిగా ఉంటుంది, ఉన్ని స్వెటర్ వేసుకుని దుప్పటి మీద కూర్చుని ఈ పని చేయకండి, స్టాటిక్ కరెంట్‌కి ర్యామ్ పోతే పైకి ఏమీ కనిపించదు. చెక్క బల్ల మీద పెట్టుకుని, మధ్యమధ్యలో ఎర్తింగ్ ఉన్న ఏదైనా ఇనుప వస్తువు తాకుతూ చేయండి.

ఇప్పుడు అందరూ వదిలేసేది చెప్తా, రిబ్బన్ కేబుల్. చాలా మోడళ్లలో పవర్ బటన్ బోర్డ్ మీద ఉండదు, కీబోర్డ్‌లోనో పక్కన చిన్న బోర్డ్ మీదో ఉంటుంది, అక్కడి నుంచి సన్నటి పట్టీ లాంటి కేబుల్ మదర్‌బోర్డ్‌కి వస్తుంది. అది సగం ఊడితే లాప్‌టాప్ శుభ్రంగా ఉన్నా మీరు బటన్ నొక్కిన సంగతి దానికి చేరదు. మా పీజీలో ఒక తమ్ముడికి ఇదే అయింది, ఒక షాప్‌లో చూపిస్తే బోర్డ్ పోయింది, మార్చాలి అన్నారు, తీరా చూస్తే కీబోర్డ్ రిబ్బన్ ఒక పక్కకి వంకరగా కూర్చుని ఉంది. ఆ కనెక్టర్‌కి చిన్న లాక్ ఉంటుంది, కొన్నింటికి పైకి లేపే రకం, కొన్నింటికి బయటికి జరిపే రకం, గోరుతో మెల్లగా తెరిచి, రిబ్బన్ మీద ఉన్న గీత కనెక్టర్ అంచుకి సమానంగా వచ్చేలా తిన్నగా దూర్చి మళ్లీ లాక్ వేయాలి. లాక్ తెరవకుండా లాగితే మాత్రం కనెక్టరే విరిగిపోతుంది, అప్పుడు నిజంగానే బోర్డ్ పని పడుతుంది.

డిస్‌ప్లే కేబుల్ విషయంలో ఇంకా జాగ్రత్త. అది వంకరగా ఉన్నప్పుడు పవర్ ఇస్తే లోపల షార్ట్ అయి బ్యాక్‌లైట్ (స్క్రీన్ వెనక నుంచి వెలుగిచ్చే లైట్) ఫ్యూజ్ పోవచ్చు. స్క్రీన్ నల్లగా ఉండి లాప్‌టాప్ మాత్రం నడుస్తున్నట్టు అనిపిస్తే గది చీకటి చేసి, ఫోన్ టార్చ్ స్క్రీన్ మీదకి ఏటవాలుగా వేసి చూడండి, మసగ్గా బొమ్మ కనిపిస్తే పోయింది బ్యాక్‌లైటే. హెచ్‌డీఎంఐ తో టీవీకో మానిటర్‌కో పెట్టి చూసినా తేలిపోతుంది.

ఇక ఫ్యాన్ తిరుగుతుంది, లైట్లు వెలుగుతాయి, స్క్రీన్ మీద ఏమీ రాదు అంటే మొదటి అనుమానం ర్యామ్ మీదే. పైనుంచి నొక్కితే కూర్చోదు, ఏటవాలుగా లోపలికి తోసి, బంగారు రంగు కాంటాక్ట్‌లు దాదాపు కనపడకుండా పోయాక కిందికి నొక్కాలి, రెండు పక్కల క్లిప్‌లూ టక్కుమనాలి. రెండు స్టిక్‌లు ఉంటే ఒకటే ఉంచి చూడండి, తర్వాత స్లాట్ మార్చి, తర్వాత రెండోది. కొత్త ర్యామ్ తీసేసి పాతది పెడితే లేచిందంటే గొడవ కొత్తదానితోనే. పాత లాప్‌టాప్‌ల వాళ్లు ఒకటి చూసుకోవాలి, ఇంటెల్ 4వ జెనరేషన్ కాలంవి చాలావాటికి 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ రకం ర్యామ్ కావాలి, 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 కూడా అదే స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది గానీ బూట్ అవ్వదు. డీడీఆర్4, డీడీఆర్5 అయితే గాడి చోటు వేరు కాబట్టి ఒకదాంట్లో ఒకటి దూరవు, దూరట్లేదని బలంగా నొక్కకండి.

డీడీఆర్5 వేసినవాళ్లకి ఓపిక కావాలి, ర్యామ్ మార్చాక మొదటిసారి బోర్డ్ దాన్ని సెట్ చేసుకోడానికి కొన్నిసార్లు నిమిషాల తరబడి నల్ల స్క్రీనే చూపిస్తుంది. చార్జర్ పెట్టి ఒక పది నిమిషాలు వదిలేయండి, మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. లైట్ ఏదైనా ఒక లెక్కలో మెరుస్తుంటే ఫోన్‌లో వీడియో తీసుకోండి, చాలా డెల్ మోడళ్లలో ఆంబర్ (నారింజ లాంటి రంగు) రెండుసార్లు, తెలుపు మూడుసార్లు మెరిస్తే ర్యామ్ కనపడట్లేదని అర్థం, వేరే కంపెనీలవి మోడల్ పేరుతో వెతికితే దొరుకుతాయి.

ఆన్ అయిన కొన్ని సెకన్లకే ఆగిపోతోంది, మీరు ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ మార్చారు అంటే హీట్‌సింక్ (వేడి లాగే లోహపు భాగం) సరిగ్గా ఆనలేదేమో చూడండి. దాని స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని నంబర్లు ఉంటాయి, ఆ వరుసలోనే కొంచెం కొంచెంగా బిగించాలి. ఫ్యాన్ వైరు పెట్టడం మర్చిపోయినా కొన్ని మోడళ్లు ఎర్రర్ చూపించి ఆగిపోతాయి. స్క్రూలు లెక్కపెట్టుకోండి, ఒకటి తక్కువైతే అది బోర్డ్ కింద పడి ఉందేమో వెతికేదాకా పవర్ ఇవ్వకండి. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగించినా అది బోర్డ్‌లోకి దిగిపోతుంది.

లోగో వచ్చి బూట్ డివైస్ లేదు అంటే మీరు గండం గట్టెక్కినట్టే, బోర్డ్ బానే ఉంది. బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ మెనూలోకి) వెళ్లి ఎస్ఎస్‌డీ పేరు కనిపిస్తోందా చూడండి. కనిపించకపోతే తీసి మళ్లీ పెట్టండి, సాటా ఎం.2 (పాత రకం ఎస్ఎస్‌డీ) మాత్రమే తీసుకునే స్లాట్‌లో ఎన్‌వీఎంఈ (కొత్త, వేగమైన రకం) పెట్టినా కనిపించదు. కొత్త ఎస్ఎస్‌డీ అయితే అందులో విండోస్ లేదు కదా, అది వేసుకోవాలి. కనిపిస్తున్నా బ్లూ స్క్రీన్ వస్తుంటే, బ్యాటరీ తీసినప్పుడు బయాస్ సెట్టింగ్స్ రీసెట్ అయి వీఎండీ (ఎస్ఎస్‌డీని ఎలా చూడాలో చెప్పే ఇంటెల్ సెట్టింగ్) మోడ్ మారిపోయి ఉండొచ్చు, అంతకుముందు ఎలా ఉందో అలాగే పెట్టండి, విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయొద్దు. డిస్క్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగితే ఇంకో ఫోన్‌లోంచి మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్తే మామూలుగా అక్కడే ఉంటుంది. ఆఫీస్ లాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లని అడగాలి, అసలు ఆఫీస్‌ది విప్పకూడదు.

ఇవన్నీ చేసినా లేవకపోతే అప్పుడు బెంగళూరులో కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్ వెళ్లండి, కేఆర్ మార్కెట్ మెట్రో దిగితే నడిచి వెళ్లేంత దూరం, ఆదివారం మాత్రం చాలా షాపులు ఉండవు. చిప్ లెవెల్ రిపేర్ (బోర్డ్ మొత్తం మార్చకుండా దాని మీది చిన్న భాగాలు బాగుచేయడం) చేసేవాళ్ల దగ్గరికే వెళ్లి, మీరు ఏం విప్పారో, ఏం మార్చారో దాచకుండా చెప్పండి, సిగ్గుపడి "దానంతటదే ఆగిపోయింది" అంటే వాళ్లు ఎక్కడెక్కడో వెతుకుతారు, ఆ టైమ్‌కి డబ్బు మీరే కట్టాలి. బోర్డ్ పోయింది అంటే ఏ లైన్‌లో షార్ట్ ఉంది, మల్టీమీటర్ పెట్టి చూపించండి అని అడగండి, పని తెలిసినవాళ్లు విసుక్కోకుండా చూపిస్తారు. ఎంతవుతుందో ముందే కాగితం మీద రాయించుకోండి. లాప్‌టాప్ అక్కడ వదిలేసి వచ్చేటప్పుడు ఎస్ఎస్‌డీ తీసి మీ బ్యాగ్‌లో వేసుకోండి, బోర్డ్ లేస్తోందో లేదో చూడడానికి వాళ్లకి అది అక్కర్లేదు.