యూఫోర్బియా పెంచండి, నానబాలు పీకేయండి

నర్సరీలో యూఫోర్బియా అని అడిగితే చేతికిచ్చేది ముళ్ళ కొమ్మల చివర ఎరుపు, గులాబీ, లేత పసుపు పూలు పూసే మొక్క. దీని సొంత ఊరు మడగాస్కర్. మన మే నెల ఎండకు డాబా మీద మిగతా పూలమొక్కలన్నీ వాడిపోతున్నా ఇది పూస్తూనే ఉంటుంది, అందుకే కొత్తగా మొక్కలు పెంచేవాళ్ళకి నేను ముందు దీన్నే చెప్తాను. కుండీల్లో ఎవరూ నాటకుండానే మొలిచే నానబాలు కూడా దీని చుట్టమే. ఏది తుంచినా తెల్లటి పాలు కారతాయి.

ఆ పాలతో మాత్రం జాగ్రత్త. చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి, కంట్లో పడితే విపరీతమైన మంట పుట్టి చూపు మసకబారుతుంది. వెంటనే ధారగా నీళ్ళు పోస్తూ కనీసం 15 నిమిషాలు కడిగి, తగ్గుతుందిలే అని ఆగకుండా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కొమ్మలు కత్తిరించేటప్పుడు గ్లౌజులు, కళ్ళజోడు పెట్టుకోండి. ఇదే కుటుంబానికి చెందిన, పెన్సిళ్ళలాంటి పచ్చటి కొమ్మలుండే కాడజెముడు పాలు ఇంకా ఘాటు, చిన్నపిల్లలున్న ఇంట్లో అది వద్దే వద్దు.

యూఫోర్బియా చచ్చిపోయేది ఎక్కువగా నీళ్ళు ఎక్కువై, ఎండ వల్ల కాదు. ఎర్రమట్టిలో సగానికి సగం ముతక ఇసుక, గుప్పెడు బాగా మాగిన పశువుల ఎరువు కలపండి, కుండీ కింద ప్లేటు పెట్టకండి, పైమట్టి పొడిగా అయ్యాకే నీళ్ళు పోయండి. వానాకాలంలో చూరు కిందకి జరిపితే మొదలు కుళ్ళదు. కొమ్మ నాటాలంటే నాలుగంగుళాల ముక్క కోసి, కోసిన చివరను పాలు ఆగేదాకా నీళ్ళలో ముంచి, నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టాకే కాస్త తడి ఇసుకలో గుచ్చాలి. ఆరబెట్టకుండా పెడితే కుళ్ళిపోతుంది.

ఇక నానబాలు. ఆకుల మొదళ్ళలో చిన్న చిన్న పూలగుత్తులు కనబడగానే పీకేయాలి, ఎందుకంటే కాయ ముదిరితే పగిలి విత్తనాలు చుట్టుపక్కల కుండీలన్నిటిలోకీ చిమ్ముతుంది. నీళ్ళు పోసి మట్టి మెత్తబడ్డాక మొదలు దగ్గర పట్టుకుని వేరుతో సహా లాగండి, పైన తుంచితే మళ్ళీ చిగురిస్తుంది. కాయలు పట్టిన మొక్కల్ని కంపోస్టులో వేయొద్దు. విత్తనం మొలవడానికి వెలుతురు కావాలి కాబట్టి మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు పరిస్తే కొత్తవి చాలావరకు రావు, కాకపోతే యూఫోర్బియా కుండీలో మాత్రం ఆకులకు బదులు గులకరాళ్ళు పరవండి.