ఇంట్లో యోగా – 6వ పాఠం: నిన్నటి బాకీ ఈరోజు తీర్చకండి

ఈసారి ఊపిరి గురించి రాయాలి. రాసి కూడా పెట్టుకున్నాను. అయిదో పాఠం తర్వాత మీరు రాసిన ఉత్తరాలు చదివాక దాన్ని పక్కన పెట్టేశాను. ముందు నా తప్పు సరిదిద్దుకోవాలి.

పోయినసారి సూర్య నమస్కారం చెప్పి, చివర్లో "రేపటి నుంచి పన్నెండూ చేయండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. నమస్కారంలోని పన్నెండు స్థితుల్లో ఏదీ వదలొద్దని నా ఉద్దేశం. మీలో చాలామంది పన్నెండు రౌండ్లు అనుకున్నారు. అనుకోరా మరి? ఒక రౌండు అంటే కుడికాలితో ఒకసారి, ఎడమకాలితో ఒకసారి అని చెప్పిందీ నేనే. అంటే మొత్తం వరస 24 సార్లు. వరసకి రెండుసార్లు పాదహస్తాసనం వస్తుంది కాబట్టి 48 సార్లు ముందుకు వంగారు. 24 సార్లు ఒళ్లంతా చేతుల మీద ఆన్చి నేలకు దించారు. అదీ, కింద పడ్డ పెన్ను తీయడానికి కుర్చీ పట్టుకునేవాళ్లు!

మూడో రోజు సంగతి మీరే రాశారు. ఒకావిడకి జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవలేదట. ఒకాయన మెట్లు ఎక్కగలిగారు గానీ దిగలేకపోయారు. అందులో వింతేమీ లేదు. బరువు మోస్తూ సాగాల్సి వచ్చినప్పుడే కండరం ఎక్కువ నలుగుతుంది, మెట్లు దిగేటప్పుడు తొడ చేసే పని అదే. ఈ నొప్పి చేసిన రోజు కంటే మర్నాడు, ఆ మర్నాడు ఎక్కువగా ఉంటుంది. 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదిరి, దానంతటదే పోతుంది. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. అది కసరత్తు ఆపిన గంట, రెండు గంటల్లో మామూలు స్థాయికి వచ్చేస్తుంది, మూడో రోజు నొప్పికీ దానికీ సంబంధం లేదు. రెండు వైపులా ఒకేలా, కండరం నొక్కితే తెలిసే నొప్పికి కంగారు వద్దు. ఒకే వైపు, కీలు దగ్గర పోటులా వచ్చినా, తిమ్మిరి కాల్లోకి పాకినా ఆపేసి డాక్టరుకు చూపించండి. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు తల కిందికి వేలాడే భంగిమలు డాక్టరుని అడక్కుండా చేయొద్దు.

నొప్పి తగ్గింది. సాకులు మొదలయ్యాయి.

సాకుల్లో కొత్తవేమీ లేవు. పతంజలి యోగసూత్రాల్లో, మొదటి పాదం ముప్ఫయ్యో సూత్రంలో తొమ్మిది అడ్డంకుల జాబితా ఉంది: వ్యాధి, స్త్యానం (మనసు మొద్దుబారడం), సంశయం, ప్రమాదం, ఆలస్యం, అవిరతి (భోగాల మీద ఆశ వదలకపోవడం), భ్రాంతిదర్శనం (ఉన్నది ఒకటైతే ఇంకోటి అనుకోవడం), అలబ్ధభూమికత్వం (పై మెట్టు అందకపోవడం), అనవస్థితత్వం (అందిన మెట్టు మీద నిలవలేకపోవడం). ఇందులో రెండు మాటల దగ్గర తెలుగువాళ్లం బోల్తా పడతాం. సంస్కృతంలో ప్రమాదం అంటే అజాగ్రత్త, మనకు యాక్సిడెంట్ అయింది. ఆలస్యం అంటే అక్కడ సోమరితనం. మన దగ్గరికి వచ్చేసరికి ఉత్త లేటు అయి కూర్చుంది. "ఇవాళ ఆలస్యమైంది, అందుకే చేయలేదు" అని రాసిన నలుగురికి ఈ సంగతి చెప్పాలనిపించింది. అన్నట్టు, సమయం లేదన్న సాకు ఆ తొమ్మిదిలో లేదు.

మిగతావాటికి ఒక్కో ముక్క చాలు. "ఒళ్లు వంగదు": వంగకపోతేనే మొదలుపెట్టాలి. మోకాళ్లు కాస్త వంచి, నడుము దగ్గర కాకుండా తుంటి దగ్గర మడవండి, బొటనవేలి సంగతి మర్చిపోండి. "పొద్దున్నే లేవలేను": లేవకండి. నేను ఇరవై ఏళ్లుగా సాయంత్రాలే చేస్తున్నాను, భోజనమయ్యాక మూడు గంటలు ఆగితే చాలు. "వాకింగ్ చేస్తున్నాను కదా": చేయండి, మానొద్దు. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే పని కూడా ఉండాలంటుంది. ఆ రెండో పని నడకతో తీరదు.

ఇక నన్ను నిజంగా విసిగించే సాకు దగ్గరికి వస్తాను. ఇది సాకులా కనిపించదు, పట్టుదలలా కనిపిస్తుంది.

ఒకాయన తన నోటుబుక్కు పేజీ ఫోటో తీసి పంపారు. స్కేలు పెట్టి గీసిన గళ్లు, చక్కటి చేతిరాత. సోమవారం 12. మంగళవారం 0. బుధవారం 24. గురు, శుక్రవారాలు 0, 0. శనివారం గడిలో 36 అని రాసి, దాని మీద అడ్డంగా రెండు గీతలు కొట్టేసి ఉన్నాయి. ఆ కిందంతా ఖాళీ. "ఒకేసారి అంత టైము కుదరడం లేదండీ, వచ్చే నెల ఫ్రెష్‌గా మొదలుపెడతాను" అని కింద రాశారు. టైము ఎక్కడ కుదురుతుంది? ముప్ఫయ్యారు రౌండ్లు ఎవరికి కుదురుతాయి? ఆయన చేసిందల్లా తప్పిన రోజును బాకీగా రాసుకోవడమే. వడ్డీ లేకుండానే బాకీ మూడింతలైంది, మనిషి చాప వైపు చూడటం మానేశాడు.

నాలుగు రోజులు పళ్లు తోమకుండా, అయిదో రోజు అయిదుసార్లు తోమితే లెక్క సరిపోతుందా? వారం రోజులు నీళ్లు పోయని కుండీలో ఆదివారం ఏడు చెంబులు కుమ్మరిస్తే మొక్క బతుకుతుందా? నిన్నటి బీపీ మాత్ర మర్చిపోయామని ఇవాళ రెండు వేసుకోవద్దని డాక్టర్లు చెబుతారు కదా. సంగీతం నేర్చుకునేవాళ్లని అడగండి: రోజూ పావుగంట సరళీ స్వరాలు పాడిన గొంతుకి, ఆదివారం రెండు గంటలు అరిచిన గొంతుకి పోలికే ఉండదు. మీ ఆఫీసులో చేరిన కొత్త కుర్రాడు రోజూ గంట పని నేర్చుకుంటాడా, నెలాఖరున ఒకేరోజు ముప్ఫై గంటలు నేర్చుకుంటాడా? ఇంకా చెప్పగలను, మీకే విసుగొస్తుంది.

శరీరం లోపల జరిగేది కూడా ఇంతే. మొదటి వారాల్లో మీరు ఇంకో రెండు అంగుళాలు వంగగలుగుతున్నారంటే కండరం పొడవు పెరిగిపోయిందని కాదు. ఆ సాగుడు ప్రమాదమేమీ కాదని (ఈసారి తెలుగు ప్రమాదమే) నరాలు ఒప్పుకున్నాయి, అంతే. రోజూ కాసేపు, భయపెట్టకుండా అడిగితే ఒప్పుకుంటాయి. ఆరు రోజులు వదిలేసి ఏడో రోజు మీదపడి లాగితే ఇంకా బిగుసుకుంటాయి.

మరి ఒక రోజు తప్పితే? ఏమీ కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందిని 12 వారాల పాటు గమనించి, 2010లో అచ్చువేసిన అధ్యయనం ఒకటి ఉంది. ఒక పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 దాకా ఉంటుందని లెక్కగట్టారు (12 వారాలు దాటినవి అంచనాలే). 21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట ఎక్కడ విన్నా ఇక నవ్వి ఊరుకోండి. నాకు అంతకన్నా నచ్చిన ఫలితం ఇంకోటి ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గొలుసు తెగిందని ఏడ్చేవాళ్లు ఇది గోడ మీద రాసిపెట్టుకోండి.

పతంజలే అభ్యాసం గట్టిపడటానికి మూడు షరతులు పెట్టాడు: చాలాకాలం చేయాలి, ఎడతెగకుండా చేయాలి, శ్రద్ధగా చేయాలి. రోజుకు ఎన్ని రౌండ్లో ఆ షరతుల్లో లేదు.

లాభాల గురించి అడిగినవాళ్లకి: అద్భుతాలు అమ్మడం నాకు చేతకాదు. పాత నడుము నొప్పి మీద జరిగిన 12 పరిశోధనలను (మొత్తం 1080 మంది) వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ సమీక్షకులు 2017లో కలిపి చూశారు. ఏ కసరత్తూ చేయనివాళ్ల కంటే యోగా చేసినవాళ్లు మూడు, ఆరు నెలలకు రోజువారీ పనులు కొంత తేలిగ్గా చేసుకోగలిగారని తేలింది. కొంత అనే రాశారు, నేనూ కొంత అనే రాస్తున్నాను. ఊపిరి వదలడం నిదానిస్తే గుండె వేగం కాస్త తగ్గుతుంది, దాంతో టెన్షన్ కూడా దిగుతుంది. మణికట్టు మీద నాడి పట్టుకుని మీరే చూడొచ్చు. నా మటుకు నాకు పెద్ద లాభం సాక్సులు. నలభై దాటాక మంచం మీద కూర్చుంటే గానీ సాక్సులు తొడుక్కోలేకపోయేవాణ్ని. ఒక సాయంత్రం షూ కోసం వెతుకుతూ, నిలబడే రెండో సాక్సు లాగేసుకున్నాను. రెండు కాళ్లూ నేల మీదికి వచ్చాక గానీ ఆ సంగతి తట్టలేదు. ఎన్నో నెలలో అలా జరిగిందో గుర్తులేదు, నేను లెక్క రాసుకోలేదు మరి.

ఇప్పుడు మీ పని. 28 గళ్లు గీయండి. రోజుకు రెండు రౌండ్లు, అంటే కుడి ఎడమ కలిపి నాలుగు వరసలు, ఆ తర్వాత మూడు నిమిషాల శవాసనం. శవాసనం ఎగ్గొట్టిన రోజుకు సున్నా వేయండి. చాప చుట్టి అటక మీద పెట్టొద్దు, నేను మంచం కింద పరిచే ఉంచుతాను, కాలితో లాగితే వస్తుంది. తప్పిన రోజు గడిలో సున్నా వేసి మర్నాడు మళ్లీ రెండే చేయాలి. ఒళ్లు తేలిగ్గా ఉంది, ఇంకోటి చేద్దామనిపించినా సరే, మూడో రౌండు చేయకూడదు. ఇది తేలికనుకుంటున్నారేమో, పదో రోజున మీకే తెలుస్తుంది. మూడో రౌండు చేసినవాళ్లు మళ్లీ మొదటి గడి నుంచి.

ఊపిరి పాఠం ఆ 28 గళ్లు అయ్యాక. నోటుబుక్కు ఫోటో పంపిన పెద్దమనిషి ఆ స్కేలుతోనే కొత్త పేజీ గీయొచ్చు, పాత 36 మాత్రం ఇందులోకి తేవద్దు.