ఏటీవీలో బెల్టు కాలిన వాసన, పడని లో గేర్: సమస్య - పరిష్కారం

ఇది బెల్టుతో నడిచే ఆటోమేటిక్ ఏటీవీల గురించి, అంటే ఎగుడుదిగుడు నేల మీద తిప్పే నాలుగు చక్రాల బండ్లలో, ఇంజను బలాన్ని రెండు పుల్లీల మధ్య తిరిగే రబ్బరు బెల్టు గేర్‌బాక్సుకు చేర్చేవాటి గురించి. అందులోనూ హై (మామూలు వేగానికి), లో (మెల్లగా, బలంగా లాగడానికి) అని రెండు గేర్లూ ఉన్న బండ్ల గురించి. రిసార్టుల్లో అద్దెకు తిప్పే చిన్న బండ్లలో చాలావాటికి ముందుకు, వెనక్కు తప్ప వేరే గేర్ ఉండదు. హోండా ఫోర్‌ట్రాక్స్ రాంచర్ లాంటి వాటిలో అసలు బెల్టే లేదు.

మెల్లగా వెళ్తుంటే రబ్బరు కాలిన వాసన

బెల్టు కవర్ విప్పే ముందు, మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు, గేర్ లీవర్ హైలో ఉందో లోలో ఉందో చూడండి. నా దగ్గరికి బెల్టు మాడి వచ్చిన బండ్లలో ఎక్కువ వాటిని హైలోనే ఉంచి బురదలో, రాళ్లలో, ట్రాలీ కట్టి నడిపారు. ఆ ఒక్క చూపు చూసి ఉంటే బెల్టు డబ్బులు మిగిలేవి.

ఇంజను వైపు పుల్లీ వేగం పెరిగేకొద్దీ బెల్టును రెండు పక్కల నుంచి నొక్కి పట్టుకుంటుంది. హైలో నడక వేగంతో బరువు లాగిస్తే ఆ పట్టు సగంలోనే ఉంటుంది. పుల్లీ తిరుగుతుంది, బెల్టు జారుతుంది, జారిన చోట వేడెక్కి మాడుతుంది. లో వేస్తే గేర్‌బాక్సు అదే నేల వేగానికి పుల్లీలను ఇంకా వేగంగా తిరగనిస్తుంది కాబట్టి బెల్టుకు పూర్తి పట్టు దొరుకుతుంది. గంటకు 11 కిలోమీటర్ల లోపు వేగంతో ఎక్కువసేపు వెళ్లాలంటే లో వాడమని పొలారిస్ మాన్యువళ్లు చెబుతాయి. బరువు లాగేటప్పుడు, గుట్ట ఎక్కేటప్పుడు, బండిని లారీలోకి ఎక్కించేటప్పుడు కూడా అంతే.

లోలో ఇంజను అరుస్తోందని భయపడి మళ్లీ హైకి మార్చేవాళ్లున్నారు. ఆ అరుపు సహజం. హైలో చప్పుడు తక్కువగా ఉండి, బండి కదలనా వద్దా అన్నట్టు లాగుతుంటే, టెన్షన్ పడాల్సింది అప్పుడు.

లో వేద్దామంటే కరకరమంటుంది, పడదు

అసలు తిప్పలు ఇక్కడే. లీవర్ కరకరలాడితే జనం విసిగిపోయి హైలోనే నడుపుతారు. బెల్టు మాడుతుంది. కొత్తది వేయిస్తారు. కొన్నాళ్లకు అదీ మాడుతుంది. ఈలోపు ఎవరో ఒకరు గేర్‌బాక్సు పోయిందని తేల్చేస్తారు. చాలాసార్లు గేర్‌బాక్సుకు ఏమీ కాదు. ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ ముట్టనప్పుడు ఇంజను తిరిగే వేగం, ఎక్కువైంది, అంతే.

ఐడ్లింగ్‌లో పుల్లీ బెల్టును వదిలేయాలి. ఐడ్లింగ్ కాస్త పెరిగితే పూర్తిగా వదలదు, ఈడుస్తూనే ఉంటుంది. బండి కదలకుండా నిలబడి ఉన్నా గేర్‌బాక్సులోకి వెళ్లే షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. తిరిగే పళ్లలోకి ఆగి ఉన్న పళ్లను తోస్తే కరకరమనక ఏం చేస్తాయి?

తేల్చుకోవడం తేలిక. చదునైన నేల మీద ఇంజను ఆపి, లీవర్‌ను హై నుంచి లోకి జరపండి. ఆగిపోతే బండిని ఒక అంగుళం ముందుకూ వెనక్కూ ఊపండి, ఎందుకంటే పళ్లు ఎదురెదురుగా నిలిస్తే మంచి బండిలో కూడా పడదు. ఇంజను ఆపితే మెత్తగా పడుతూ, స్టార్ట్ చేస్తే కరకరమంటుంటే తప్పు ఐడ్లింగ్‌ది, లేదా బెల్టుది. ఆపినా పడకపోతే లీవర్ కింది రాడ్డు, కేబుల్ చూడాలి. బెల్టు ఈడుస్తోందనడానికి ఇంకో గుర్తు: చదునులో గేర్ వేసి యాక్సిలరేటర్ ముట్టకుండా బ్రేకు వదిలితే బండి తనంతట తాను పాకుతుంది.

ఐడ్లింగ్ ఎందుకు పెరిగిందో చూడాలి. మొదట యాక్సిలరేటర్ కేబుల్. గేర్ లీవర్‌ను పార్క్‌లో పెట్టి, ఇంజను నడుస్తుండగా హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, తర్వాత పూర్తిగా కుడికి తిప్పండి. ఏ పక్కకైనా శబ్దం పెరిగిందంటే కేబుల్ ఎక్కడో బిగుసుకుంటోంది. బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్ లీవర్ దగ్గర నొక్కగానే లాగేయకూడదు, మాన్యువల్ చెప్పినంత ప్లే (వదులు) ఉండాలి. బురద పట్టి లోపల అతుక్కున్న కేబుల్‌ను శుభ్రం చేసినా తీరకపోతే మార్చేయండి. కేబుల్ బాగుంటే కార్బ్యురేటర్ బండికి ఐడ్లింగ్ స్క్రూ, ఇంజెక్షన్ బండికి మురికి పట్టిన థ్రాటిల్ బాడీ (ఇంజనులోకి గాలిని వదిలే భాగం) చూడాలి. చాలా బండ్లలో ఐడ్లింగ్ 1,200 ఆర్‌పీఎం దగ్గర్లో ఉంటుంది. మీ మాన్యువల్‌లో ఉన్న అంకెకే పెట్టుకోండి.

ఐడ్లింగ్ సరిగ్గా ఉన్నా కరకర పోకపోతే, అదీ బెల్టు మార్చిన తర్వాతే మొదలైతే, కొత్త బెల్టు బిగువుగా కూర్చుంది. వెనక పుల్లీ దగ్గర సర్దుబాటు ఉన్న బండ్లలో బెల్టు కొంచెం వదులు చేయించాలి. బెల్టు వేసి కవర్ మూసేయడం కాదు పని, బిగువు కూడా కొలవాలి. ఈ ఒక్క కొలత చేయకపోవడం వల్లే కొత్త బెల్టు వేసిన మర్నాడే బండి తిరిగి వస్తుంది.

ఏం చేసినా, గేర్ మార్చేది బండి పూర్తిగా ఆగి, ఐడ్లింగ్‌కి వచ్చాకే. దొర్లుతుండగా లోకి తోస్తే, అప్పటిదాకా బాగున్న పళ్లు నిజంగానే అరుగుతాయి.

కదిలేటప్పుడు టక్‌టక్‌మని కొట్టుకోవడం

బెల్టు ఒకచోట మాడి సన్నబడింది. కవర్ తీసి వేలితో రెండు పక్కలా తడిమితే ఆ పల్లం తెలుస్తుంది. దీనికి మందు లేదు, మార్చాల్సిందే. పాత బెల్టు నలకలు పుల్లీల్లో, గాలి గొట్టంలో మిగలకుండా ఊదించండి. కొత్త బెల్టుకు మొదటి కొన్ని పదుల కిలోమీటర్లు బరువు లాగించకండి.

నీళ్లు దాటాక రేజ్ చేసినా కదలదు

బెల్టు తడిసింది. కవర్ కింది డ్రెయిన్ బిరడా తీసి నీళ్లు వదలండి. బిరడా పెట్టాక న్యూట్రల్‌లో రేజ్ పెంచుతూ తగ్గిస్తూ ఆరనివ్వండి. ఆరేదాకా గేర్ వేసి లాగించవద్దు.

దిగుడులో బండి పట్టు లేకుండా జారుతోంది

దిగడం మొదలుపెట్టక ముందే లో వేయాలి. కొన్ని బండ్లలో వేగం మరీ తగ్గితే బెల్టు పట్టు వదిలేసి బండి న్యూట్రల్‌లో ఉన్నట్టు జారుతుంది. కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే మళ్లీ పట్టుకుంటుంది. బ్రేకు మీద వేళ్లు తీయకండి.

గేర్‌బాక్సులో గేర్లను జరిపే ఫోర్కు వంగడం, పన్ను విరగడం, పుల్లీ స్ప్రింగు నీరసించడం లాంటివి ఉంటాయి, కానీ అరుదు. పైవన్నీ చూసి, ఇంజను ఆపినప్పుడు కూడా గేర్ పడకపోతేనే గేర్‌బాక్సు విప్పించండి.